నాలుగో ట్రాక్‌లో రత్నం

మొన్న వేసవిలో విజయనగరంలో సౌండ్ పని నేర్చుకుంటున్న పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. వెళ్ళాను. మైకు ఎంత దూరంలో పెట్టాలి, టేక్ జరుగుతుంటే ఫ్యాను ఎందుకు ఆపాలి, పాడేవాడి గొంతు ఎండితే ఏమివ్వాలి, ఇలాంటివన్నీ గంటసేపు చెప్పాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. చివర్లో ఒకమ్మాయి లేచి, "మీరు చేసిన అన్నింటికంటే పెద్ద తప్పేంటి సార్?" అని అడిగింది. రికార్డ్ బటన్ నొక్కడం మర్చిపోయి రెండు గంటల హరికథ ఉత్తినే విన్న సంగతి చెప్పాను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది.

అది నా పెద్ద తప్పు కాదు. అసలుది నాకు తెలుసు. అప్పటికి ఆరు నెలలుగా దాన్ని బీరువాలో దాచుకుని తిరుగుతున్నాను. ఇంటికొచ్చి శాలువా మడత పెట్టి అదే బీరువాలో పెడుతుంటే సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆ అమ్మాయికి నేను చెప్పాల్సిన జవాబు ఇది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళంతా చదవాలని రాస్తున్నాను. ఎన్ని క్యాసెట్లు చేశాను, ఎవరు మెచ్చుకున్నారు అన్నవి రాయను. ఎవడికి కావాలవి?

నా చెవి

మాది బొబ్బిలి. నాన్న వీణలు చేసేవాడు. పనస దుంగ తొలిచి వీణ చెయ్యడం ఒక ఎత్తు, దానికి మెట్లు వెయ్యడం ఒక ఎత్తు. మైనంలో మెట్టు నిలబెట్టి, తీగ మీటి, వెంట్రుకవాసి జరిపి మళ్ళీ మీటాలి. నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కళ్ళు మూసుకోమనేవాడు. పైకుందా, కిందికుందా, సరిపోయిందా, నేను చెప్పాలి. పదేళ్ళు వచ్చేసరికి నేను తప్పడం మానేశాను. వీణ కొనడానికి ఎవరొచ్చినా నాన్న ముందు నన్ను చూపించి, తర్వాత వీణ చూపించేవాడు. "మా చంద్రయ్య సెవి ఉన్నాది సూడండి, అది తప్పదు" అనేవాడు. ఆ మాట నా తలకెక్కింది. చాలా ఏళ్ళు దిగలేదు.

వీణల పని నాకు అబ్బలేదు. చెవి పనికొచ్చే ఉద్యోగం కావాలని విశాఖపట్నంలో ఒక రికార్డింగ్ గదిలో చేరాను. అక్కడ నా పై ఆయన మూర్తిగారు. మహా కోపిష్టి. మెచ్చుకోవడమంటే ఆయనకి ఒళ్ళుమంట. వైరు చుట్టడం రాకపోతే ఆ వైరే నా మెడకి చుట్టేంత పని చేసేవాడు. కానీ పాడేవాళ్ళని మాత్రం ఏనాడూ ఒక్క మాట అనలేదు. వాళ్ళెంత ఘోరంగా పాడినా, "ఇంకోసారి విందాం అమ్మా, నాకోసం" అనేవాడు. ఒకరోజు ఒక గాయకుడి మీద నేను మొహం చిట్లిస్తుంటే చూశాడు. ఆ గాయకుడు వెళ్ళాక నన్ను పిలిచాడు.

"నీకు నచ్చింది వినకురా. వాళ్ళు ఏం పాడదామనుకున్నారో అది విను. మన పని అంతే" అన్నాడు.

అర్థం కాకపోయినా తలూపాను. ఆ అలవాటు కూడా మంచిది కాదు.

గజ్జెలు

కొన్నాళ్ళకి విజయనగరం స్టేషన్ దగ్గర రెండు గదులు అద్దెకి తీసుకుని సొంతంగా స్టూడియో పెట్టాను. జూటు మిల్లు నుంచి పాత గోనెలు తెచ్చి గోడలనిండా వేలాడదీశాను. లోపలికి రాగానే గోనె వాసన, చెమట వాసన. రైలు కూత ఆపడం నావల్ల కాదు కాబట్టి రైళ్ళ వేళలు గోడకి అంటించి, రెండు బళ్ళ మధ్య ఖాళీలో టేక్ తీసేవాణ్ణి. బండి ఆలస్యమైతే నా టేకూ పోయేది.

తొలి ఏడాదే చీపురుపల్లి వైపు నుంచి తప్పెటగుళ్ళ జట్టొకటి వచ్చింది. గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో ఎగురుతూ పాడే మనుషులు. గజ్జెల చప్పుడు మైకులో గోలగా ఉందని విప్పించాను. ఎగరొద్దు, నిలబడి పాడండన్నాను. పాపం, నిలబడ్డారు. పాట నీరుగారిపోయింది. మూడు టేకులు తీసినా అంతే. జట్టు పెద్దాయన తల గోక్కుంటూ, "బాబూ, మా పాట కాళ్ళల్లో ఉంటాది. తమరు కాళ్ళు కట్టేసేరు" అన్నాడు. మర్నాడు మైకు పట్టుకెళ్ళి మిల్లు వెనకాల ఖాళీ జాగాలో వాళ్ళని ఎగరనిచ్చి రికార్డు చేశాను. దుమ్ము లేచింది, పాటా లేచింది.

ఈ కథ నేను కనీసం వందమందికి చెప్పుంటాను. చూశావా, నేను ఎంత త్వరగా నేర్చుకున్నానో అన్నట్టు చెప్పేవాణ్ణి. నేర్చుకున్నది గజ్జెల గురించే. మనుషుల గురించి కాదు.

చాక్‌పీసు గుర్తులు

ప్రకాశం మేస్టారు ఊళ్ళో మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పేవారు. వాళ్ళ నాన్న రైల్వే గార్డు. చిన్నప్పుడు రైల్వే వాళ్ళ క్లబ్బులో ఆదివారాలు బ్యాండు వాయిస్తుంటే కిటికీ పట్టుకుని వేలాడి విన్నారట. అది జాజ్ అనే అమెరికా సంగీతమని చాలా ఏళ్ళ తర్వాత తెలిసిందట. నలభై దాటాక ఆయనకో పిచ్చి పట్టింది. నలుగురు మనుషులు, వాయిద్యమేదీ లేకుండా, ఒకే పాటని ఒకే సమయంలో నాలుగు దారుల్లో పాడాలి. తెలుగులో పాడాలి. తాళం మీద ఎక్కి కూర్చోకుండా తాళం పక్కన ఊగుతూ నడవాలి. పాటలు ఆయనే కట్టారు. గూడ్సు బండి మీద ఒకటి, వేటకెళ్ళిన నాటు పడవ మీద ఒకటి, బెల్లం వంట మీద ఒకటి.

జట్టుకి జంక్షన్ నలుగురు అని పేరు పెట్టారు. పై గొంతు ఆయన కూతురు సుగుణ. దాని కింద కమల, పెద్దాసుపత్రిలో నర్సు. అన్నింటికంటే కింద మేస్టారి సొంత గొంతు. కమలకీ మేస్టారికీ మధ్య ఒక ఆడగొంతు కావాలి. మందంగా ఉండాలి, కదలకుండా ఉండాలి. ఏడాది వెతికినా దొరకలేదు. చివరికి ఆయన వాకిట్లోనే దొరికింది.

ఆమె నూకరత్నం. సముద్రం ఒడ్డు పల్లె నుంచి పొద్దున్నే బస్సులో చేపల గంప తెచ్చి బజార్లో అమ్మి, మిగిలినవి వీధుల్లో అమ్ముకునేది. మేస్టారి భార్య చేపలు ఏరుతుంటే రత్నం తనలో తాను ఏదో పాడుకుంటోందట. ఇంట్లోంచి విని మేస్టారు బయటికొచ్చి, ఆ పాట తనూ వేరే దారిలో అందుకున్నారట. రత్నం తన దారి వదల్లేదు. ఆయనకి కావాల్సింది సరిగ్గా అదే. నేనొకసారి ఆమెని అడిగాను, పక్కన ముగ్గురు మూడు రకాలుగా పాడుతుంటే నీది నీకెలా గుర్తుంటుందని. అప్పటికింకా నాకు ఆమె మీద గౌరవం ఉంది.

"బజార్లో పదిమంది పది రేట్లు అరుస్తంటే నా రేటు నాను మర్సిపోతానేటి బాబూ?" అంది.

మొదటి క్యాసెట్ ఒక్క మైకుతో చేశాం. నాకున్నదే ఒక్క మంచి మైకు. నలుగురూ దాని చుట్టూ నిలబడితే, మేస్టారు ఒకరిని అడుగు ముందుకి, ఒకరిని అరడుగు వెనక్కి జరిపి, పాదాల చుట్టూ చాక్‌పీసుతో గీత గీసేవారు. సుగుణ, కమల చెప్పులు విప్పేవారు. రత్నానికి చెప్పులే లేవు. గీతల్లో నిలబడ్డాక పాడితే ఇంకేమీ సర్దక్కర్లేదు. నేను చేసింది బటన్ నొక్కడమే. ఇన్నేళ్ళ సర్వీసులో నేను చేసిన మంచి రికార్డింగ్ ఏదంటే అదే. నేనేమీ చెయ్యలేదు కాబట్టి అది మంచిదైంది.

ఊరు ఆ క్యాసెట్‌ని నెత్తిన పెట్టుకుంది. టీ కొట్లలో అదే మోగేది. గజపతినగరంలో, చీపురుపల్లిలో కాలేజీ ఫంక్షన్లకి పిలిచారు. రత్నం గంప మా స్టూడియోలో పెట్టి, చీర మార్చుకుని వెళ్ళేది. గోనెలకి ఆ వాసన పట్టిందని నేను విసుక్కునేవాణ్ణి. అదీ రాయాలి కదా, రాశాను.

నేను చేసిన పని

రెండో క్యాసెట్ నాటికి నాకు కొత్త యంత్రం వచ్చింది. ఒకే టేపు మీద నాలుగు గొంతుల్ని నాలుగు ట్రాకుల్లో వేరువేరుగా పట్టుకోవచ్చు. తర్వాత ఏ గొంతు ఎంత వినపడాలో ఫేడర్లనే జారుడు మీటలతో నేను పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మా జిల్లాల్లో అప్పటికి అలాంటిది ఎవరి దగ్గరా లేదని నా గొప్ప. ఇక చాక్‌పీసులు ఎందుకు మేస్టారూ అన్నాను. నలుగురినీ నాలుగు మూలల నిలబెట్టి, మధ్యలో గోనె తెరలు కట్టి, ఒక్కొక్కరికీ హెడ్‌ఫోన్ తగిలించాను. రత్నానికి నాలుగో ట్రాక్ వచ్చింది.

హెడ్‌ఫోన్‌లో తంబురా శ్రుతి పెట్టడం నాకు అలవాటు. బొబ్బిలి అలవాటు అనుకోండి. కింద శ్రుతి మోగనిదే పాట ఎలా పాడతారు? రత్నం రెండు లైన్లు పాడి ఆగిపోయింది. తెర పక్కకి తీసి, "ఆ గుయ్‌మనేది ఆపు బాబూ. అది నన్ను దానికాసి లాగేస్తంది" అంది. ఆపలేదు. శ్రుతి అంటే పడని మనిషి ఏం పాడుతుందిలే అని అప్పుడే ఒక మాట మనసులో రాసేసుకున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ మోత వింటూనే పది పాటలూ పాడేసింది.

రికార్డింగ్ అయిన మర్నాడే మేస్టారు ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్ళారు. కాలేజీ పండగలో క్యాసెట్ విడుదల చేస్తామని అప్పటికే చెప్పేసి ఉన్నారు. మిక్సింగ్ నన్నొక్కణ్ణే చేసెయ్యమన్నారు. నీ చెవి మీద నాకు నమ్మకం అన్నారు.

ఏ ట్రాక్ ఎలా ఉందో చూద్దామని మిగతావి కట్టేసి ఒక్కొక్కటే విన్నాను. సుగుణది బాగుంది. కమలది బాగుంది. మేస్టారిది సరే. రత్నానిది ఒక్కటే పెట్టి, పక్కన శ్రుతి పెట్టెతో సరిచూశాను. ఒళ్ళు జలదరించింది. పాటకీ దానికీ సంబంధం లేదు. ఒకే చరణంలో రెండు గాంధారాలు తగులుతున్నాయి. రాగంలో లేని స్వరాలు వచ్చి పోతున్నాయి. మా నాన్న ముందు ఎవరైనా అలా వాయిస్తే వీణ లాక్కునేవాడు.

ఇప్పుడు ఎవరికైనా చెబితే తెలిసిపోతుంది నా తెలివి. నలుగురు కలిసి పాడేదాంట్లో మధ్య గొంతుని విడదీసి వింటే అది పాటలా ఎందుకుంటుంది? ఆ స్వరాలకి అర్థం పక్కవాళ్ళ స్వరాల్లో ఉంది. మేస్టారు ఏరి కూర్చి, నెలల తరబడి నేర్పించిన స్వరాలవి. అయినా ఆ నలుగురినీ కలిపి నేను చెవులారా విన్నవాణ్ణే. మొదటి క్యాసెట్ చేసింది నేనే. కానీ ఆ రోజు నా చెవి మీద నాకున్న గర్వం ముందు ఏదీ గుర్తు రాలేదు. చేపలమ్మే మనిషికి శ్రుతి ఏం తెలుసు అనుకున్నాను. ఈ మాట ఇంతవరకూ మా ఆవిడకి కూడా చెప్పలేదు.

నాలుగో ఫేడర్ పూర్తిగా కిందికి లాగేశాను. పది పాటల్లోనూ. ఖాళీ తెలియకుండా కమల గొంతుకి కాస్త ఎకో కలిపాను. అట్ట మీద ఫోటోలో మాత్రం నలుగురూ ఉన్నారు.

అబద్ధం

మేస్టారు ఆసుపత్రి మంచం మీద ఆ క్యాసెట్ విన్నారు. ఇంటికొచ్చాక రిక్షాలో నేరుగా స్టూడియోకి వచ్చారు. ఇంకా నిటారుగా నిలబడలేకపోతున్నారు.

"రత్నం ఏదయ్యా చంద్రం?" అన్నారు.

నిజం చెప్పాల్సింది. నాకు తప్పుగా అనిపించింది, తీసేశాను అంటే చాలు. ఆయన నన్ను కూర్చోబెట్టి నాలుగూ కలిపి వినిపించేవారు, నాకు బుద్ధొచ్చేది, మళ్ళీ మిక్సింగ్ చేసేవాణ్ణి. కానీ ఆయన ముఖం చూస్తే, నేను చేసింది చిన్న పని కాదని అప్పటికప్పుడే తెలిసిపోయింది. నోట్లోంచి అబద్ధం వచ్చేసింది. టేపు అంచు నలిగి నాలుగో ట్రాక్ పోయింది మేస్టారూ అన్నాను. నాలుగో ట్రాక్ నిజంగానే టేపు అంచున ఉంటుంది, అంచు నలగడం మామూలే. పని తెలిసినవాడి అబద్ధం కదా, అతికినట్టు సరిపోయింది. ఆయన నమ్మారు. పోనీలే, నీ తప్పేముంది, రత్నాన్ని ఒక్కదాన్నే పిలిచి మళ్ళీ పాడిద్దాం, కబురు పెడతానన్నారు.

ఆయన కబురు చేరకముందే రత్నం వచ్చింది. గంప గుమ్మం బయటే దించింది. చేతిలో క్యాసెట్ ఉంది.

"బాబూ, ఇందులో నాను ఎక్కడున్నాను?" అంది. పల్లెలో అందరినీ కూర్చోబెట్టి వినిపించిందట. ఇందులో నీదేదే, నీదేదే అని అందరూ అడిగారట. "సూపించనేకపోయాను. సుగుణమ్మది సూపించాను, మేస్టారిది సూపించాను. నాదే నాకు దొరకనేదు."

పొద్దుటి వేళ. బయట గూడ్సు బండి వెళ్తోంది, చాలా పొడుగు బండి. అది వెళ్ళేదాకా నాకు ఆలోచించుకునే వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో నేను ఆలోచించిందల్లా ఒక్కటే. ఈవిడ మళ్ళీ వచ్చి పాడితే మేస్టారు పాత టేపు అడుగుతారు, నా అబద్ధం బయటపడుతుంది.

"నీకు శ్రుతి లేదమ్మా" అన్నాను. "గొంతు బాగుంది గానీ శ్రుతి లేదు. అందుకే తీసెయ్యాల్సొచ్చింది. మేస్టారికి చెప్పకు, ఆపరేషనైన మనిషి, బాధపడతారు. ఇంట్లో పని ఉందని చెప్పి మానెయ్."

ఆమె క్యాసెట్ అట్ట మీది ఫోటో చూసుకుంది. తర్వాత, "తమరికి తెలుస్తాది బాబూ. బొబ్బిలోలు కదా" అంది. గంప ఎత్తుకోవడానికి నన్ను ఒక చెయ్యి వెయ్యమంది. వేశాను. క్యాసెట్ నా బల్ల మీద వదిలేసి వెళ్ళిపోయింది.

మేస్టారు రెండుసార్లు కబురు పెట్టారు. రెండుసార్లూ ఇంట్లో పని ఉందని చెప్పి పంపింది. ఆ వీధిలో చేపలమ్మడం కూడా మానేసింది. మూడో క్యాసెట్ ముగ్గురితో చేశాం, ఖాళీ పూడ్చడానికి కీబోర్డు పెట్టాం. అందులో ప్రాణం లేదు. ఎవరూ కొనలేదు. కమలకి బదిలీ అయింది, సుగుణ పెళ్ళయి వెళ్ళింది, జట్టు చెదిరిపోయింది. మూడు క్యాసెట్లతో వాళ్ళ కథ ముగిసింది. జనం టేస్టు మారిపోయిందని అందరితోపాటు నేనూ అన్నాను.

పోయే ముందు ఏడాది మేస్టారు ఒక సాయంత్రం స్టూడియోకి వచ్చి కూర్చున్నారు. పాత చాక్‌పీసు గీతలు ఎక్కడున్నాయో చూద్దామన్నట్టు నేలకేసి చూస్తూ, రత్నం అలా వదిలేసి వెళ్ళిపోతుందనుకోలేదయ్యా, ఆవిడకి నేనేం తక్కువ చేశాను అన్నారు. నేను టీ తెప్పించాను. ఆయన తాగి వెళ్ళారు. నేను చేసిన పనులన్నింటిలోనూ, ఆ పూట టీ తెప్పించి ఊరుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

బెల్టు

తర్వాత క్యాసెట్లు పోయాయి, సీడీలు వచ్చి పోయాయి, కంప్యూటర్ వచ్చింది. ఆ ఇరవై, ముప్ఫై ఏళ్ళలో చర్చి పాటలు చాలా రికార్డు చేశాను. క్రిస్మస్ ముందు ఊళ్ళ నుంచి జట్లు వచ్చేవి. నాలుగు గొంతులు ఒకదాని మీద ఒకటి ఎలా నిలబడతాయో, ఒకటి తీస్తే మిగతావి ఎలా వాలిపోతాయో చెవికి మెల్లగా అలవాటైంది. అప్పుడప్పుడు రత్నం గుర్తొచ్చేది. వెంటనే వేరే పనిలో పడేవాణ్ణి.

కిందటేడు స్టూడియో మూసేస్తూ, పాత టేపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకున్నాను. నాలుగు ట్రాకుల యంత్రం బెల్టు ఎండి చిట్లిపోయింది. వెతికించి కొత్తది వేశాను. జంక్షన్ నలుగురి టేపు పెట్టాను. నాలుగో ట్రాక్ శుభ్రంగా ఉంది. అంచు ఎక్కడా నలగలేదు, నలగలేదని నాకు తెలియందేముంది. నాలుగు ఫేడర్లూ సమానంగా పైకి లేపాను.

గూడ్సు బండి పాట. మూడో లైనులో సుగుణ గొంతు పైకి వెళ్ళి ఆగుతుంది. కింద రత్నం ఒక్క అరమెట్టు దిగుతుంది. నేను ఒళ్ళు జలదరించి తీసేసిన ఆ రెండో గాంధారం అదే. అది దిగగానే మిగతా మూడూ వెలిగాయి. మాట వేరే దొరకడం లేదు నాకు. నాలుగో ఫేడర్ కిందికి లాగి చూశాను, ఆరిపోయింది. పైకి తోశాను, మళ్ళీ వెలిగింది. పిచ్చివాడిలా ఎన్నిసార్లు చేశానో. పది పాటల్లోనూ వెతికాను, ఒక్కచోటన్నా ఆవిడ తప్పితే నాకు కాస్త ఊరట దొరుకుతుందని. ఒక్కచోట కూడా తప్పలేదు. చెవిలో తంబురా పెట్టి నేను లాగుతుంటే కూడా తప్పలేదు.

అంత తెలిశాక కూడా నేనేం చేశాను? టేపు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆవిడ ఉందో లేదో అనుకున్నాను, ఇప్పుడెందుకులే అనుకున్నాను. ఆరు నెలలు. ఆ అమ్మాయి లేచి ప్రశ్న అడిగేదాకా.

ఒడ్డు

శాలువా కప్పించుకున్న మర్నాడు బయల్దేరాను. పల్లెలో అడిగితే చిన్నపిల్లలు కూడా రత్నం ఇల్లు చూపించారు. ఇంటిముందు ఇసకలో వల పరిచి, దాని మీద చేపలు ఆరబెట్టి, కూర్చుని తిరగేస్తోంది. జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టింది.

"స్టూడియో బాబు కాదేటి?" అని పీట వేసింది.

కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. నీకు శ్రుతి లేదన్నది తప్పు, శ్రుతి ఉంది, తెలియంది నాకు. మేస్టారికి టేపు నలిగిందని అబద్ధం చెప్పాను, అది బయటపడకూడదని నిన్ను మాన్పించాను. అంతా వరసగా చెప్పాను. ఆవిడ చేపలు తిరగేస్తూనే ఉంది.

"మేస్టారికి తెలుసునా ఇది?" అంది.

"తెలీదు."

"అయితే నానే ఆయన్ని ఒగ్గేసి ఎలిపోనాననుకునే పోయేరన్నమాట."

అవునన్నాను. ఆవిడ చెయ్యి ఆగింది. లేచి ఇంట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వెళ్ళిపోవాలో ఉండాలో తెలియక ఎండలో నిలబడ్డాను. వచ్చినప్పుడు ముఖం కడుక్కుని ఉంది. ఏదన్నా తెచ్చావా, వినిపించు అంది.

చిన్న స్పీకరు తెచ్చుకున్నాను. గూడ్సు బండి పాట పెట్టాను. రత్నం కళ్ళు మూసుకుంది. మూడో లైను దగ్గర పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. పాట అయ్యాక అరుగు మీద ఫోన్‌లో ఎవరితోనో ఐసు పెట్టెల గురించి దెబ్బలాడుతున్న ఒక నడివయసు మనిషిని చూపించింది. కూతురట, పైడితల్లి. చేపల వ్యాపారం ఇప్పుడు ఆమెదే.

"దాని గొంతూ నా గొంతే బాబూ. అచ్చం. బడిలో పాటల జట్టులోకి రమ్మంటే నానే వద్దన్నాను. మన గొంతులకి శ్రుతి నేదే, నోరు ఆడించు, బయటికి రానీకు అని నేర్పించాను. ఇంట్లో పాడినా కసిరేదాన్ని. నలుగుర్లో నవ్వులపాలు కాకూడదని. తరవాత అదే మానేసింది." పైడితల్లిని కేకేసి పిలిచింది. నావైపు చూసి, "నాను సెప్తే నమ్మదు. నీ నోటితో నువ్వే సెప్పు" అంది.

నా వయసు డెబ్బై దాటింది. ఆ మనిషి ముందు నిలబడి, మీ అమ్మకి శ్రుతి లేదని చెప్పింది నేనే, అది అబద్ధం, నీకూ ఆ మాట నావల్లే వచ్చింది అని చెప్పాను. పైడితల్లి ఫోన్ చేతిలో పట్టుకుని అంతా విన్నది. తిట్టలేదు, అరవలేదు. తిట్టినా బాగుండేది.

"ఇప్పుడు నన్నేటి సెయ్యమంటారు?" అంది.

ఆ ప్రశ్న ఇక్కడ రాసి పెడుతున్నాను. పిల్లలూ, మీరు నేర్చుకోబోయే పనిలో ఫేడర్ ఒకటి కిందికి లాగడం చాలా తేలిక. వేలితో అయిపోతుంది. లాగేముందు ఆ గొంతు మనిషిని పిలిచి, మీరు ఏం పాడదామనుకున్నారని అడగండి. మూర్తిగారు నాకు చెప్పిందదే. నేను తలూపాను.

నేను స్పీకరు సంచిలో పెట్టుకోబోతుంటే రత్నం ఆపింది. మిగతా మూడూ కట్టేసి తనదొక్కటే పెట్టమంది. వద్దు, ఒక్కటే వింటే బాగుండదన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. పెట్టాను. రెండు గాంధారాలతో, వచ్చి పోయే స్వరాలతో, ఆ గొంతొక్కటే ఇసక మీద మోగింది. పైడితల్లి ఫోన్ మోగుతుంటే కట్టేసింది. నీళ్ళ బిందెతో పోతున్న పక్కింటామె ఆగి విని, "ఎవుల్దే ఆ గొంతు?" అని అడిగింది.

రత్నం తలెత్తలేదు. చేపలు తిరగేస్తూనే, "నాదే" అంది.